మీరు ముందు చూడండి బావగారూ

తణుకులో నేను అద్దెకుంటున్న ఇంటి యజమాని గున్నేశ్వరరావుగారు ఎవరినీ నొప్పించి మాట్లాడరు. అందుకే శుక్రవారం సాయంత్రం నన్ను పిలిచి, "మీరేమీ అనుకోకపోతే మాస్టారూ, డాబా మీద ఆ గొట్టం తీసేయండి" అన్నప్పుడు, ఇక అదే ఆఖరి మాట అని నాకు అర్థమైపోయింది.

ఆ గొట్టం నా టెలిస్కోపు. అది తమ ఇంట్లోకే తిరిగి ఉంటోందని ఎదురింటి సుధాకర్‌గారు ఫిర్యాదు చేశారట.

"ఆకాశంలోకేనండి నేను చూసేది" అన్నాను.

"నాకు నమ్మకమేనండి. కానీ ఆయనకి ఏమని చెప్పను? నేను చూడలేదు కదా."

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనొక్కడినే. ఇప్పుడు బడిలో సైన్సు చెబుతున్నాను. మర్నాడే నా ఎనిమిదో తరగతి పిల్లలు గురుగ్రహం చూడటానికి ఆ డాబా మీదకి వస్తున్నారు. ఇళ్లల్లో కూడా చెప్పేసుకున్నారు. బడి ఆవరణలో చూపిద్దామంటే అక్కడ వీధిదీపాల వెలుగు. వాళ్లకి రావద్దని చెప్పాల్సొస్తే ఏ ముఖంతో చెప్పను?

"అయితే ఇవాళే మీరొకసారి చూడండి. చూశాక కూడా తీసేయమంటే తీసేస్తాను" అన్నాను. ఆయన సరేనన్నారు.

చీకటి పడ్డాక ఆయన పైకి వచ్చారు, కానీ ఒక్కరే రాలేదు. వెంట కొవ్వూరు నుంచి వచ్చిన వియ్యంకుడు బుల్లిరాజుగారు కూడా ఉన్నారు.

"శని కాదు కదా మాస్టారూ?" అన్నారు బుల్లిరాజుగారు, దూరంగానే నిలబడి.

"గురుడండి."

"అయితే మంచిదే."

గురుణ్ణి అద్దం మధ్యలోకి తెచ్చి పక్కకి జరిగాను.

"చూడండి బావగారూ" అన్నారు గున్నేశ్వరరావుగారు.

"అబ్బే, మీ ఇంటి డాబా. ముందు మీరు చూడాలి" అన్నారు బుల్లిరాజుగారు.

"మీరుండగా నేను చూడటం ఏంటండీ."

"వయసులో పెద్దవారు మీరు."

"ఆర్నెల్లేగా బావగారూ."

"పెద్దరికానికి ఆర్నెల్లు చాలవేంటండీ."

నా టెలిస్కోపుకి మోటారు లేదు. భూమి తిరుగుతున్నకొద్దీ గ్రహం అద్దంలోంచి పక్కకి జరిగిపోతుంది. మళ్లీ గొట్టం తిప్పి పట్టుకోవాలి.

"గురుడు జారిపోతున్నాడండి" అన్నాను.

"పోనీయండి, మళ్లీ తెస్తారుగా" అన్నారు ఇద్దరూ.

మళ్లీ తెచ్చాను. మళ్లీ మర్యాదలు మొదలయ్యాయి. మళ్లీ జారిపోయాడు. తూర్పున మబ్బు పైకి లేస్తోంది. గదిలోంచి బైనాక్యులర్స్ తెచ్చి, "ఒకరు ఇందులోంచి, ఒకరు అందులోంచి ఒకేసారి చూసేయండి" అన్నాను.

గున్నేశ్వరరావుగారు నొచ్చుకున్నారు. "బావగారి చేతికి చిన్నదిచ్చి నేను పెద్దదాంట్లో చూస్తానా మాస్టారూ? ఏం మాటండీ అది."

ఇంతలో ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు మెట్లెక్కి వచ్చారు. "అన్నయ్యగారూ, వడ్డించేశాను, రండి" అంటూ, అప్పుడే నేను సరిచేసిన టెలిస్కోపుకి తిన్నగా కన్ను ఆనించేశారు.

"ఇదేంటి బాబూ, పక్కన నాలుగు చుక్కలు వరసగా ఉన్నాయి?"

"అవి గురుడి చందమామలండి."

"నాలుగా? ఒక్క చందమామతోనే మనకి ఇన్ని ఉపవాసాలు. పాపం అక్కడ ఆడవాళ్లు అన్నం ఎప్పుడు తింటారు?"

ఆవిడ తలెత్తేసరికి గురుడు మబ్బులోకి వెళ్లిపోయాడు. నలుగురం కాసేపు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాం. ఏమీ లేదు.

నేను మూడు కాళ్ల స్టాండు మడవబోయాను.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?" అన్నారు గున్నేశ్వరరావుగారు.

"మీరు చూడలేదు కదండీ. తీసేస్తాను."

"తీసేయడమేంటండీ? మా ఆవిడ చూసి, బావగారు చూడకుండా కొవ్వూరెళ్తే అక్కడ మా గురించి ఏమనుకుంటారు? ఉంచండి."

"పొద్దున్నే వెళ్లిపోతాను బావగారూ, పనుంది" అన్నారు బుల్లిరాజుగారు.

"చూడకుండా వెళ్లడానికి వీల్లేదు."

"మరి సుధాకర్‌గారో?" అన్నాను.

"ఆయన్నీ రమ్మంటాను. మా వియ్యంకుడి కోసం పెట్టించానని చెబుతాను. ఇంక ఏమంటాడు?"

శనివారం ఆకాశం తేటగా ఉంది. పిల్లలు తోసుకుంటూ, ఒకరి భుజం మీదనుంచి ఒకరు తొంగిచూస్తూ, ఒక్కరూ మిగలకుండా గురుణ్ణి చూసేశారు. సుధాకర్‌గారు కూడా వాళ్ల మధ్యలో దూరి చూసి, తన ఇల్లు అందులో కనబడలేదని కొంచెం నిరాశగానే కిందకి దిగారు. ఆ తరవాత పెద్దవాళ్ల వంతు వచ్చింది.

బుల్లిరాజుగారు ఆదివారం కూడా తణుకులోనే ఉండిపోయారు.