నాలుగింటి గడి

"బీపీ మిషను పెట్టుకున్నావా?"

కారు తాళం తిప్పుతూ మా ఆయన అడిగిన మొదటి మాట అది. నా కళ్ళజోడు సంగతి గానీ, మోకాలి మాత్రల సంగతి గానీ కాదు. పెట్టుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు ఆస్పత్రి వార్డులో నర్సుగా చేసినదాన్ని. నా సంచిలో దువ్వెన లేకపోయినా అది ఉంటుంది.

మేమిద్దరం ఒకే నెలలో రిటైరయ్యాం. ఆయన ఆఫీసువాళ్ళు సభ పెట్టి చక్రాల పెట్టె ఇచ్చారు. నా చేత వార్డులో కేకు కోయిస్తుండగా ఏడో నంబరు మంచం దగ్గర బెల్లు మోగింది. వెళ్ళొచ్చేసరికి కేకు అయిపోయింది. "ఊరికే కూర్చుంటే తుప్పు పడతాం. కారేసుకుని పాత స్నేహితులందర్నీ చూసొద్దాం," అన్నారాయన. ఎవరి స్నేహితులని నేను అడగలేదు. నాకున్నది ఒక్కతే, నర్సు ట్రైనింగులో నాతో ఒకే గదిలో ఉన్న, మేమంతా పిచ్చుక అని పిలిచే పిల్ల. మంచాన పడ్డ రోగులను ఒళ్ళు పుండ్లు పడకుండా వేళ తప్పక పక్క తిప్పుతానని నాకు గడియారం అని పేరు పెట్టింది అదే. "వాళ్ళింటికీ వెళ్దాంలే, చివర్లో," అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని కారెక్కాను.

మొదటి ఇల్లు ఆయన చదరంగం స్నేహితుడిది. నేను చెప్పులు విప్పానో లేదో, "చెల్లెమ్మా, నువ్వొస్తున్నావనగానే ప్రాణం లేచొచ్చింది," అంటూ లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ మంచాన పడ్డ వాళ్ళ నాన్న. "మా ఆవిడ ఉందిగా, చూసుకుంటుంది. మీరు బయటికొచ్చి ఎన్నాళ్ళయిందిరా?" అని మా ఆయన ఆ మొగుడూ పెళ్ళాలను కారెక్కించుకుని చెరువు చూపించడానికి తీసుకెళ్ళారు. ఫోన్లో ముందే మాటిచ్చేశారని అప్పుడర్థమైంది. రెండో ఇంట్లో స్నేహితుడి కాలికే చక్కెర జబ్బు పుండు. కట్టు కడుతుంటే "వదినగారి చెయ్యి ఎంత మెత్తన," అన్నాడు. ఆ మెప్పు మా ఆయన పుచ్చుకున్నారు. మూడో ఇంట్లో తల్లి. ఆవిణ్ణి చూసుకునే ఆయా మానేసిందట. కొత్త మనిషి దొరికేదాకా ఒక్క పది రోజులు నన్నక్కడ ఉంచమని ఆ స్నేహితుడు అడిగాడు, పక్కింటివాళ్ళను నిచ్చెన అడిగినట్టు.

"దానికేం, ఇప్పుడు ఖాళీయేగా," అన్నారు మా ఆయన.

ఆ మాట నాకు గిన్నెలు కడుగుతుండగా వినబడింది. వార్డులో మంచం ఖాళీ అయితే, పరుపు మీద వేడి ఆరకముందే ఇంకొకర్ని తెచ్చి పడుకోబెడతారు. నేనూ అలాంటి ఖాళీనే. నాకేదైనా పెద్ద జబ్బు చేస్తే బాగుండును, ఎవరో ఒకరు నన్ను పక్క తిప్పుతారు అనిపించింది. తీరా ఎవరని వెతుక్కుంటే ఒక్క మొహం కూడా తట్టలేదు. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. నీళ్ళు పోతూనే ఉన్నాయి. "ముందు పిచ్చుకను చూసొచ్చాక," అన్నాను. కుళాయి కట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం పిచ్చుక ఇల్లు చేరాం. అది గుమ్మంలోనే ఉంది, బయటికెళ్ళే బట్టలు కట్టుకుని, భుజాన సంచి తగిలించుకుని. ముప్ఫై ఏళ్ళ తర్వాత కనబడిన మనిషి నన్ను కావలించుకోలేదు. నా చేతిలోని సంచి వైపు చూసింది.

"ఒసే గడియారం, ఏమీ అనుకోకే. మా మామగార్ని ఒక్క రెండు గంటలు చూస్తావా? మందుల కొట్టుకి తప్ప నేను గడప దాటి ఆరేళ్ళయింది."

"ఎక్కడికెళ్తావే?"

"తెలీదు. వీధి చివరిదాకానైనా."

నాకు కోపం వచ్చింది. నాకంటూ మిగిలిన ఒక్క గుమ్మం కూడా లోపలి గదికే దారి తీసింది.

లోపల మంచం పక్క గోడకి కాగితం అంటించి ఉంది. ట్రైనింగులో మాకు నేర్పిన కాగితమే. రెండు గంటలకో గడి. ఎడమ, వెల్లకిల, కుడి. ప్రతి గడిలోనూ తిప్పినవాళ్ళ సంతకం ఉండాలి. తెల్లవారుజామువి కూడా అన్నీ పిచ్చుక సంతకాలే. వాళ్ళాయనది ఒక్కటీ లేదు.

"రామ్మా, కారులో తిప్పి తీసుకొస్తాను. మా ఆవిడ ఉందిగా," అంటున్నారు మా ఆయన వెనకనుంచి.

బీపీ మిషను తీసి ఆయన చేతిలో పెట్టాను. "మీరుంటారు. మేమిద్దరం వెళ్తాం."

"నేనా? మగాణ్ణి పట్టుకుని..."

"ఆయనా మగాడే."

"నాకేం వచ్చని?"

"నాకూ పుట్టగానే రాలేదు."

రెండింటి వంతు ఆయన చేతుల మీద నా చేతులు వేసి చేయించాను. ఒక దిండు వీపు వెనక, ఒకటి మోకాళ్ళ మధ్య. మా ఆయనకి చెమటలు పట్టాయి. మాట పడిపోయిన ముసలాయన ఒక పక్కగా నవ్వాడు. "మళ్ళీ నాలుగింటికి ఎడమ పక్కకి. తిప్పాక సంతకం," అన్నాను.

"ఒసే, మామగార్ని కింద దొర్లించేస్తారేమోనే!" అంది పిచ్చుక మెట్లు దిగుతూ.

"ఆయనకంత ఊపు లేదులే."

వీధి చివర బస్టాపు బల్ల మీద కూర్చున్నాం. బస్సులు వచ్చి పోయాయి. "ఏదైనా చెప్పవే," అన్నాను. "ఏం చెప్పను? గుర్తు చేసుకుంటే అన్నీ మందుల పేర్లే వస్తున్నాయి," అంది. నాకూ అంతే.

నాలుగైంది. ఇద్దరం ఒకేసారి వాచీలు చూసుకున్నాం. నా చేతులు వాటంతటవే లేచాయి, ఒకటి భుజం పట్టుకోవడానికి, ఒకటి తుంటి పట్టుకోవడానికి. ఎదురుగా ఎవరూ లేరు. పక్కన పిచ్చుక చేతులు కూడా అలాగే గాలిలో ఉన్నాయి. నవ్వొచ్చింది. సగం నవ్వులోనే అది మొహం కప్పుకుని ఏడ్చింది.

నా ఫోను మోగింది.

"తిప్పాను. కానీ పక్క తడిపేశాడు. తొందరగా రా."

"దుప్పట్లు ఎక్కడే?" అని పిచ్చుకను అడిగి చెప్పాను. "బీరువా కింది అరలో ఉన్నాయట. మార్చండి."

బీరువా తలుపు కిర్రుమంది. "సరే. రేపు పొద్దున్నే బయల్దేరాలి, గుర్తుందిగా? వాడు నీకోసం ఎదురుచూస్తుంటాడు. వాళ్ళమ్మ దగ్గర పది రోజులు..."

"మీరెళ్ళండి," అన్నాను. "పని నేర్చుకున్నారుగా."

ఫోను సంచిలో వేసేశాను. పిచ్చుక కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"మరి ఆరింటికి ఎవరు తిప్పుతారే?"

"అదీ ఆయనే."