వంకర కుర్చీ

గరుకు కాగితం అరిగిపోయింది. చిన్నది దాని మడత మార్చి మళ్ళీ కుర్చీ చేతిమీద రుద్దడం మొదలుపెట్టింది. బాల్కనీ నిండా సన్నటి చెక్కపొడి. ఆవిడ కనుబొమలమీదా, నెరిసిన పాపిట మీదా అదే పొడి. చిన్నదంటే యాభై దాటిన మనిషే, కానీ పెద్దక్క నోట్లో ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. పుస్తకాల కంపెనీలో ఆవిడ అట్టల మేడమ్. బల్లలకీ కుర్చీలకీ చెక్క కొనే వీధి చివర కలప అడితిలో బల్లలమ్మ. రోజూ పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని వంకాయల్నీ, కూజానీ, పాత ఇస్త్రీపెట్టెనీ రంగుల్లో వేస్తుంది గనక ఇంకో పేరు కూడా ఉండవలసిందే. ఆ బొమ్మల్ని చూసేవాళ్ళు తక్కువ కాబట్టి దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

"మూడు పొయ్యిలు వెలిగించావు, ఒక్క కుండా పొంగదు" అంటుంది పెద్దక్క.

అంటుంది గాని, ఆ మూడు పొయ్యిలకీ కట్టెలు అందించింది ఆవిడే. అమ్మా నాన్నా పోయాక ఇద్దరు చెల్లెళ్ళనీ కుట్టుమిషను తొక్కి పెంచింది. చిన్నది బొమ్మల కాలేజీలో చేరతానంటే చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. పెద్దక్క పంటికింద దారం ముక్క తియ్యకుండానే, చేరనివ్వండి, రేపు గోడలకి సున్నమైనా వేస్తుంది అందట. ఆ తర్వాత నడిమి చెల్లెలు కాన్పులో పోయింది. పొత్తిళ్ళలో ఉన్న పిల్లని తెచ్చుకుని పెద్దక్క మళ్ళీ మిషను ముందు కూర్చుంది. అన్నేళ్ళు వంగి కుట్టిన వీపు చివరికి అలాగే వంగిపోయింది. ఇప్పుడు వెల్లకిలా పడుకోలేదు, నిటారుగా కూర్చోలేదు. గోడకి దిళ్ళు పేర్చుకుని, వాటిమీద వాలి, రెండేళ్ళుగా తెల్లార్లూ మూలుగుతోంది.

ఆ పెంచిన పిల్లకే ఇప్పుడు నెలలు నిండాయి. ఉండేది దూరపు ఊళ్ళో. రెండు నెలల కిందటే డాక్టరు మంచం దిగొద్దన్నాడు. పెద్దమ్మ వస్తే చాలు, ఇంకేం అక్కర్లేదని ఫోనులో ఏడ్చింది. పెద్దక్క ఫోను పెట్టేసి, జారిన దిండుని వీపు వెనక్కి తోసుకుంది.

"నేను వస్తాను గానీ నా వీపు రాదే" అంది.

అంత దూరం బండిలో కూర్చోవడమంటే మాటలా? వీధి మలుపులో ఉన్న ఆసుపత్రికి వెళ్ళొస్తేనే ఆవిడ రెండు రోజులు తేరుకోదు. ఆ రోజునుంచే చిన్నది కుర్చీ పట్టుకుంది. మొదటిది తయారయ్యాక పెద్దక్క దాన్ని ఎగాదిగా చూసి, చాలా అందంగా ఉంది, వచ్చినవాళ్ళకి వెయ్యి అంది. రెండోదానికి మెత్తలు ఎక్కువై అందులోంచి లేవడానికి పక్కింటివాళ్ళని పిలవాల్సొచ్చింది. మూడోదాని సంగతి ఇద్దరూ ఎత్తరు.

దారి దొరికింది బొమ్మలో. ఒకనాటి ఉదయం పెద్దక్క స్నానానికి లేచి వెళ్తే, గోడవారన ఖాళీ దిళ్ళ గుట్టమీద ఏటవాలుగా ఎండ పడింది. వంకాయలు పక్కకి పెట్టి చిన్నది ఆ దిళ్ళనే వెయ్యడానికి కూర్చుంది. నీడలు వేస్తూ వేస్తూ ఉంటే చెయ్యి దానంతట అదే ఎడమవైపు ఎక్కువ నలుపు పెడుతోంది. లేచి దగ్గరికెళ్ళి చూసింది. నిజమే. ఎడమ భుజం ఆనిన గుంట లోతుగా ఉంది, కుడివైపు దిండు నలగనే లేదు. మిషను చక్రం కుడిచేత్తో తిప్పీ తిప్పీ అక్క వీపు కుడివైపు ఎగువకీ ఎడమవైపు దిగువకీ ఒరిగిపోయింది. ఇంతకాలం ఆ వీపుని కళ్ళారా చూస్తూ కూడా చూడలేదు. అక్క లేచిపోయాక గాని అక్క ఆకారం తెలియలేదు.

అందుకే ఈ కుర్చీ వీపు ఒకవైపు లోతు, ఒకవైపు ఎత్తు. అయితే నిన్న కూర్చోబెట్టి చూస్తే ఇంకో పేచీ వచ్చింది. కదలకుండా ఉంటే హాయిగానే ఉందట, ఊపిరి గట్టిగా పీల్చినా చెక్కలు పొడుస్తున్నాయట. బండిలో కదలకుండా ఎవరు కూర్చుంటారు? వరసకి మేనల్లుడయ్యే కుర్రాడు, వీళ్ళ నోట అల్లుడు, ఇక్కడ సరుకు దింపి ఆ ఊరికి తిరిగి వెళ్తూ వ్యాను తీసుకుని సాయంత్రం వస్తున్నాడు. అతను మళ్ళీ ఇటు వచ్చేసరికి కాన్పు అయిపోతుంది.

చేతులు దులుపుకుని చిన్నది ఆఫీసుకి బయల్దేరింది. వెళ్ళకపోతే కుదరదు, కొత్త నవల అట్ట అచ్చు ఇవాళే. యజమానికి అట్టమీద అమ్మాయి మొహం కావాలి. ఆవిడ వేసింది తలుపు గొళ్ళేనికి తగిలించిన సంచి. ఆ వాదన నెలరోజులుగా నడుస్తోంది. ఇవాళ వాదించే ఓపిక లేక, మీ ఇష్టం అనేసింది. ఆ మాటకి ఆయన బెదిరిపోయి, సంచే ఉండనివ్వండి మేడమ్ అన్నాడు.

అచ్చు కాగితాలు చూసి, ఎరుపు కాస్త తగ్గించమని చెప్పి, కింద బైండింగు గదిలోకి దిగింది. జిగురు వాసన. బైండరు బాబాయి అప్పుడే కట్టిన లావుపాటి పుస్తకాన్ని బల్లమీద పెట్టి, అట్ట తెరిచి మూసి, తెరిచి మూసి చూస్తున్నాడు. అట్ట గట్టిది, పుస్తకం వీపు గట్టిది, రెండింటికీ మధ్య సన్నటి గాడిలో ఉన్నది ఉత్త గుడ్డ. మడత పడేది అక్కడే. ఇన్నేళ్ళలో అలాంటి పుస్తకాలు ఎన్నింటికి ఆవిడ అట్టలు వేసిందో లెక్కలేదు. ఇవాళ మాత్రం చివరి మెట్టుమీదే ఆగిపోయింది.

"బాబాయ్, ఆ గుడ్డ మనిషి బరువు ఆపుతుందా?"

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "రెండు పొరలేసి అంటిస్తే ఏనుగైనా ఆనుకోవచ్చు. ఎవరికమ్మా?"

"మా అక్కకి."

"అయితే మూడు పొరలెయ్యి" అన్నాడు. పెద్దక్క గొంతు ఫోనులో విన్నవాడాయన. బారెడు గుడ్డ కత్తిరించి, డబ్బాలో జిగురు పోసి ఇచ్చాడు.

ఇంటికొచ్చి చిన్నది కుర్చీ వీపు చెక్కల్ని మేకులూడదీసి విడగొట్టింది. ఒక్కో చెక్కకీ మధ్య వేలు పట్టేంత సందు వదిలి, వెనకనుంచి గుడ్డ పొరలు అంటించి, అంచుల్లో చిన్న మేకులు కొట్టింది. ఆరడానికి ఫ్యాను కింద పెట్టి, తనూ పక్కనే గొంతుక్కూచుంది. అరచేత్తో నొక్కితే చెక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి ఒదిగి, వదిలితే మళ్ళీ లేచాయి. పెద్దక్కని నడుం పట్టుకుని తీసుకొచ్చింది.

పెద్దక్క కుర్చీ చుట్టూ చూసింది. "వంకరగా ఉందేమే?"

"నువ్వూ వంకరే కదక్కా."

పెద్దక్క నవ్వాపుకోబోయి ఆపుకోలేకపోయింది. నవ్వితే నొప్పని నడుం పట్టుకునే కూర్చుంది. వాలింది. ఎడమ భుజం కాస్త అటూ ఇటూ కదిపి చూసుకుంది. తిట్టలేదు, మెచ్చుకోలేదు, మూలగలేదు. వంట వంకతో చిన్నది వంటింట్లోకి తప్పుకుంది.

పొయ్యిమీద అన్నం పెట్టి, పప్పు పోపు వేసింది. ముందుగదిలోంచి ఏ చప్పుడూ లేదు. మామూలుగా అయితే ఈపాటికి పోపు మాడిందనో, ఉప్పు తగ్గించమనో కేక వినపడాలి. గరిటె చేతిలో ఉండగానే ఇవతలికి వచ్చింది. అక్క తల పక్కకి వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒక చెయ్యి కుర్చీ పక్కన వేలాడుతోంది.

అంతేనా, ఇందుకేనా నేనిది చేశాను అనుకుంటూ చిన్నది గుమ్మం పట్టుకుని నిలబడింది.

అప్పుడు పెద్దక్క గురక పెట్టింది. మామూలు గురకా అది! వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసే గురక.

చిన్నది గుమ్మంలోనే చతికిలబడి, చీరచెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది, రెండూ కలిసిపోయాయి. అన్నం అడుగంటిన వాసన వస్తున్నా లేవలేదు. రెండేళ్ళ తర్వాత అక్క నిద్రపోతోంది. మెలకువ వచ్చేదాకా అక్కడే కూర్చుని, చెక్కల సందులు ఊపిరితోపాటు తెరుచుకుని మూసుకుంటుంటే చూసింది.

పొద్దు వాలుతుండగా వ్యాను వచ్చింది. అల్లుడు కుర్చీని వెనక సీటు తీసిన చోట పెట్టి తాళ్ళతో బిగించాడు. ఎన్నిసార్లు లాగి చూసినా చిన్నదానికి తృప్తి కలగలేదు. చీరలు, మందులు, పుట్టబోయేవాడికో పుట్టబోయేదానికో కుట్టిన చొక్కాలు అన్నీ సర్దాడు. ఆ హడావిడి జరుగుతున్నంతసేపూ పెద్దక్క బల్ల దగ్గర నిలబడి నారింజపండు ఒలుచుకుని తింటోంది, పెళ్ళికి వెళ్ళే మనిషిలాగా.

బండెక్కి కుర్చీలో వాలాక చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"దానికి వాళ్ళమ్మ లేదు, నేనున్నాను" అంది. "నాకు నువ్వున్నావు. తిన్నావా?"

"తింటాను."

"మాడిన అన్నం తినకు. మళ్ళీ వండుకో."

వ్యాను మలుపు తిరిగింది. చిన్నది మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గరే స్టూలు మీద కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండగలదని ఆవిడకి తెలియదు. చీకటి పడబోతుండగా ఫోను మోగింది. అల్లుడు టీకి ఆపాడట. "పెద్దత్తయ్య ఒక్కసారి కూడా ఆపమనలేదు చిన్నత్తయ్యా. గురకకి నాకే రోడ్డు వినపడటంలేదు" అన్నాడు.

చిన్నది సరే సరే అని, జాగ్రత్త అని, ఫోను పెట్టి, గుండెలనిండా ఊపిరి పీల్చి వదిలింది. లేచి దీపం వేసింది. బల్లమీద చిన్న పళ్ళెంలో, తొక్క దొన్నెలా చేసి అందులో సర్దిపెట్టిన సగం నారింజ, గింజలు తీసేసి.