తొమ్మిది చుక్కల తాళం

నేను ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌ని. ఖరీదైనదాన్ని కాను. బొబ్బిలి బజారులో ఒక కొట్టు అద్దాల పెట్టెలో, ఐఫోన్ పక్కన దిష్టిబొమ్మలా కూర్చుని ఉండేదాన్ని.

గౌరునాయుడు భార్య అసిరమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. ఫోను ఆమెకి. ఎంపిక మాత్రం అతనిదట.

“పాతదైనా ఐఫోనే తీసుకో. నలుగురిలో పరువు.”

ఆమె తాళం సంగతి అడిగింది. ఐఫోన్‌కి అంకెలే. నాకు చుక్కలు కూడా ఉన్నాయి: మూడు వరసలు, వరసకు మూడు.

“అంకెలు నాను మర్సిపోతాను. సుక్కలైతే సెయ్యికే తెలుసు.”

“ముగ్గులేసుకోడానికేటే ఫోను?” అని నవ్వాడు.

ఆమె నన్నే కొంది. రోజుకి వందసార్లు ముగ్గేసి తెరిచేది. అతను ఒక్కసారీ చూడలేదు. ఇరవై రెండేళ్లు వాకిట్లో ముగ్గు తొక్కుకుంటూ పొలం పోయినవాడు, నా మీది ముగ్గు చూస్తాడా?

ఆసుపత్రి మంచం మీద ఆమె నాలో నాలుగు నిమిషాలు మాట్లాడి దాచింది.

“ఎవులికే అది?”

“నీకే. నానెల్లిపోయాక ఇను.”

తాళం ఎలా తీయాలో అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. గీశాడు. తప్పు. కాసేపు ఆగమన్నాను. ఆగి మళ్లీ గీశాడు. తప్పు. పదకొండు రోజులు అదే పని. నాకు జాలి వెయ్యలేదు. తాళానికి జాలేమిటి?

చివరికి నన్ను కొన్న కొట్టుకే పట్టుకెళ్లాడు. కొట్టువాడు తేల్చేశాడు. “లోపలున్నదంతా తుడిసేస్తే తెరుసుకుంటాది, మావా. నేదంటే దీన్నొగ్గేసి ఐఫోన్ తీసుకో. అప్పుడు నువ్వడిగిందదే గదా!”

“నోర్ముయ్యి,” అని నన్ను లాక్కుని వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, అసిరమ్మ చెల్లెలు బంగారమ్మ ఇంటి వాకిట్లో నిలబడ్డాడు.

“మీ అప్ప ముగ్గెలాగేసీదో సూపించు.”

“ఇన్నాళ్లూ ఏటి సూసినావు, బావా?”

అతను గొంతుక్కూర్చుని తొమ్మిది చుక్కలు పెట్టాడు. పై చుక్క నుంచి గీత మొదలెట్టాడు. వీధిలో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

“నడిమి సుక్క నుంచి! మాయమ్మ మాకలాగే నేర్పింది.”

బంగారమ్మ తిట్లతోనే నేర్పింది. అతను చెరిపి గీశాడు, గీసి చెరిపాడు. నాలుగో రోజు అదే వాకిట్లో, నా నడిమి చుక్క మీద పిండి అంటిన వేలు పెట్టాడు. తెరుచుకున్నాను.

అసిరమ్మ గొంతు పలికింది. “తెరిసినావా? ఎవుల్నడిగినావు?”

ఆపైన కాస్త ఖాళీ. జవాబుకి చోటు వదిలినట్టు.

“నీ సెల్లిని,” అన్నాడతను, వీధంతా వినేలా.

ఆమె తిట్టడం మొదలుపెట్టింది. మూడున్నర నిమిషాలు. చివరిదాకా విన్నాడు.