ఎనిమిదో కార్డు

ఎర్రమ్మ పదిహేనేళ్లుగా కాంట్రాక్టు మీద మా వీధి ఊడుస్తోంది. పర్మినెంటు చేసేవాళ్ల జాబితాలో తన పేరు లేదు. అభ్యంతరం రాసివ్వడానికి శనివారం ఆఖరు. ఆ జాబితా తయారుచేసింది కాంట్రాక్టరు ఆఫీసులో పనిచేసే మా ఆయన మూర్తి.

గురువారం ఎర్రమ్మ మా వంటింటి గుమ్మంలో కూర్చుంది.

"అమ్మగోరూ, మీ కార్డులు తియ్యండి. రాసియ్యమంతాయా, ఊరుకోమంతాయా?"

జోస్యం చెప్పే టారో కార్డులు నాకు కాలక్షేపం. రెండు కట్టలున్నాయి. పాత ఫ్రెంచి కట్టలో చిన్న కార్డుల మీద గిన్నెలు, కత్తులు లెక్కకే ఉంటాయి. అర్థం మనమే ఊహించుకోవాలి. ఇంగ్లీషు కట్టలో ప్రతి కార్డూ ఒక చిన్న కథ. పెద్ద బొమ్మల కార్డుల్లో పదమూడోది మృత్యువు. పాతదానిలో దానికి పేరైనా రాయరు. ఇంగ్లీషుదానిలో గుర్రమెక్కి వస్తుంది, వెనక సూర్యుడు. ఒడిశాలో, కోరాపుట్‌లో చదివే మా అమ్మాయి మేధ గుండ్రటి ఒడియా గంజప కార్డులు కొంది. వాటిలో దశావతారాలున్నాయి కానీ, అవి ఆటకే.

ఫ్రెంచి కట్టలోంచి ఎర్రమ్మ ఒక పెద్ద కార్డు తీసింది. ఎనిమిది. ఆ కట్టకు అర్థాలు చెప్పే పుస్తకం లేదు. ఇంగ్లీషుదాని పుస్తకం చూశాను. ఎనిమిది అంటే బలం: సింహం నోటిని మెల్లగా మూసే స్త్రీ.

"ఓర్చుకోమంటోంది ఎర్రమ్మా."

"సింహమేదమ్మా? ఈవిడ సేతిలో తక్కెడుంది కదా, సంతలో కూరలమ్మినట్టు."

"పుస్తకంలో అలాగే ఉంది."

"మీరు సదువుకున్నోరు. సరే, ఊరుకుంతాను. అయ్యగోరికీ ఓ కాయితం తగ్గింది!" నవ్వుతూ వెళ్లిపోయింది.

సోమవారం రెండు కట్టలూ పక్కపక్కన పేర్చాను. ఇంగ్లీషు కట్ట చేసినవాళ్లు రెండు కార్డుల అంకెలు తారుమారు చేశారు. పాతదానిలో బలం పదకొండు. ఎనిమిది న్యాయం.

తెలియక చెప్పానని అనుకోబోయాను. కానీ కార్డు అడుగున 'లా జుస్టీస్' అని అచ్చయి ఉంది. ఇంగ్లీషు 'జస్టిస్' లాంటి మాటే, అది చదవడానికి ఫ్రెంచి రానక్కర్లేదు. ఎర్రమ్మ కాగితం ముందు మా ఆయన బల్ల మీదికే వస్తుంది. ఇంట్లో గొడవ తప్పుతుందని పుస్తకాన్ని నమ్మాను.

ఎర్రమ్మను పిలిచి చెప్పాను.

"అయితే అది తక్కెడేనా?"

"ఔను."

"నాను సూసేను కదమ్మా. మీకు కనబడ్నేదా?"

"కనబడింది."

చీపురు నేలకేసి తట్టి పుల్లలు సరిచేసుకుంది.

"గడువైపోనాది," అంది.

"అయినా రాద్దాం."

అభ్యంతరం ఫారంలో 'ఆలస్యానికి కారణం' అని ఒక గడి ఉంది.

"జొరమని రాసీండి. అందరూ అదే రాత్తారు."

అలా రాయలేదు. 'మూర్తిగారి భార్యనైన నేను తెలిసీ ఊరుకోమని చెప్పినందువల్ల' అని రాసి, కింద నా పేరుతో సంతకం పెట్టాను.

"ఏటి రాసేరు?"

చదివి వినిపించాను. ఎర్రమ్మ కాగితం మడిచి రవికలో దోపుకుంది.

"రేపు పట్టుకెల్తాను. మీరు ముందే అయ్యగోరికి సెప్పుకోండి," అంది.