చివరి చేప కాలేయం

తొట్టెలో మిగిలింది ఒక్క చేపే. కొత్త మందు పెట్టి నెలల తరబడి పెంచినవాటిలో మిగతావన్నీ అప్పటికే పరీక్షలకు పోయాయి. బాగా ఎదిగినా వేలెడంత లేని ఆ చేప కాలేయాన్ని చెడకుండా బయటికి తీయాలి. అది వదిన పని. ఆ ప్రయోగశాలలో ఆమె చేతికి తిరుగులేదని పేరు. పక్కన నిలబడి సీసాలు అందిస్తున్న ఆడపడుచుకు ఈ పని నేర్పిందీ ఆమే.

మత్తుమందు కలిపిన నీళ్లలో చేప వెల్లకిలా తేలింది. మొప్పలు పూర్తిగా ఆగాకే వదిన దాన్ని ముట్టుకుంది. తోక నొక్కి చూసింది. చలనం లేదు. సూక్ష్మదర్శిని కింద పెట్టి పొట్ట చీల్చింది.

పేగులను చుట్టుకుని లేతరంగు కాలేయం, దాన్ని ఆనుకుని ఆవగింజంత ఆకుపచ్చటి పిత్తాశయం. అది చిట్లి పసరు కారితే ఇన్నాళ్ల శ్రమా నీళ్లపాలే.

పట్టకారు కొన వణికింది. వదిన చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ వణికింది.

"ఏంటి వదినా?"

"ఏం లేదు. చలి."

గదిలో చలేమీ లేదు. అద్దాల అవతల ప్రొఫెసర్ ఫోన్లో మాట్లాడుతూ ఇటే చూస్తున్నాడు. ఆలస్యమైతే కాలేయం పనికిరాదు.

"ఇలా ఇవ్వు," అంది ఆడపడుచు గొంతు తగ్గించి.

"నీకింకా చెయ్యి తిరగలేదు."

"నీ చెయ్యి ఇవాళ నీ మాట వినట్లేదు కదా."

వదిన మొహం కందిపోయింది. పట్టకారు ఆమె చేతిలో పెట్టి కుర్చీలోంచి లేచింది.

ఆడపడుచు కూర్చుని సూక్ష్మదర్శినిలోకి వంగింది. "పేగు పట్టుకో, కాలేయాన్ని కాదు," చెవి పక్కనే వదిన గొంతు. "ఇప్పుడు కిందనుంచి కత్తిరించు." పచ్చటి సంచి ఊగింది.

సంచి చిట్లలేదు. కాలేయం అంచు కాస్త తెగినా, మిగతాది భద్రంగా సీసాలో పడింది.

చేతులు కడుక్కునేచోట ఆడపడుచు అడిగింది. "ఎన్నాళ్లనుంచి?"

"నెల దాటింది."

"అన్నయ్యకి తెలుసా?"

"లేదు. మా నాన్నకీ ఇలాగే చేతితోనే మొదలైంది. ఆఖరికి మంచం దిగలేకపోయాడు. డాక్టర్ అదే మాటంటే వినలేను."

"ఇద్దరం వెళ్లి విందాం, పద."

అటునుంచటే ఆసుపత్రికి వెళ్లారు. థైరాయిడ్ ఎక్కువవడం వల్లే ఆ వణుకని, తండ్రికొచ్చిన జబ్బు కాదని రక్తపరీక్షలో తేలింది. ఆ మాట విని వదిన అక్కడే బెంచీమీద కూలబడి ఏడ్చింది. మాత్రలతో వణుకు తగ్గేదాకా తర్వాతి ప్రయోగాల్లో కోతలన్నీ ఆడపడుచే చేసింది. వదిన పక్కనే కూర్చుని ఒక్కో తప్పూ పట్టేది.

"చెయ్యి వణికితే వణికింది గానీ, నోటికేం కాలేదన్నయ్యా," అని ఆ పిల్ల ఇంట్లో మొరపెట్టుకుంది.