వదిలెయ్యమన్న మాట

జోగారావు ఆ డబ్బాను నా టేబుల్ మీద పెట్టలేదు, కొట్టాడు. హాజరుపట్టీ ఎగిరి కింద పడింది.

"చదవండి టీచర్‌గారూ. ఇక్కడేం రాశాడో చదివి చెప్పండి."

అంత కోపంలోనూ 'గారూ' మానలేదు. మా కొల్లేటి వైపు మనుషులు తిట్టినా 'అండీ' అనే తిడతారు. అలా తిడితే తిరిగి తిట్టడానికి కూడా వీలుండదు.

అది చేపల చెరువులో నీళ్ళు శుభ్రం చెయ్యడానికి వేసే మందు డబ్బా. ఏ ఊరి కంపెనీదో, లేబుల్ మీద ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగు ముక్క లేదు. ఆయన వేలు పెట్టిన చోట ఒక లైను ఉంది. 'అవాయిడ్ అప్లయింగ్ ఇన్ క్లౌడీ వెదర్.'

"మబ్బు పట్టినప్పుడు వెయ్యకూడదని ఉందండీ," అన్నాను.

"మా అమ్మాయి వెయ్యొచ్చని చెప్పిందండి."

ఆయన కూతురు లక్ష్మీప్రసన్న నా తొమ్మిదో తరగతి పిల్ల. స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నేల చూస్తూ నిలబడి ఉంది. ఎడమ చెంప మీద వేళ్ళ అచ్చు ఇంకా పోలేదు.

జరిగింది ఇదీ. ఆదివారం చెరువు నీళ్ళు చిక్కబడి వాసనొస్తుంటే, షాపువాడు ఇచ్చిన మందు తెచ్చుకున్నాడు. తెచ్చేసరికి మబ్బు కమ్మింది. షాపువాడు ఫోనెత్తలేదు. ఇంట్లో ఇంగ్లీషులో ఏ-వన్ వచ్చే పిల్ల ఉండగా ఇంకొకర్ని అడగడమెందుకు అనుకున్నాడు. "మబ్బుగా ఉందమ్మా, ఇప్పుడు వెయ్యొచ్చేమో చూడు" అన్నాడు. పిల్ల చూసి వెయ్యొచ్చంది. మర్నాడు పొద్దున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. నీళ్ళల్లో గాలి చాల్లేదు. ఎండెక్కేసరికి బొచ్చెలూ శీలావతులూ గట్టు పొడుగునా తెల్లగా తేలిపోయాయి. ఏడాది మేపిన చెరువు అది.

జోగారావు చొక్కా జేబులోంచి ప్రోగ్రెస్ కార్డు తీశాడు. చదివి అర్థం చేసుకోవడం, పదికి పది. పక్కన నా సంతకం. వి. విక్టోరియా.

"బళ్ళో పదికి పదండి. మా చెరువు దగ్గర గుండుసున్నా. అంటే ఏంటండి? ఇంగ్లీషు వచ్చి కూడా సరిగ్గా చూడలేదు. ఒళ్ళు పొగరు. తండ్రంటే లెక్కలేదు. అలాంటిదానికి చదువెందుకండీ? టీసీ ఇచ్చెయ్యండి. రేపట్నుంచి మండవల్లి దగ్గర రొయ్యలొలిచే షెడ్డుకి పోతుంది, వాళ్ళ అత్తతో."

నా మనసులో మొదట వచ్చిన మాట ఏమిటో దాచకుండా చెబుతాను. 'అమ్మయ్య, నన్ననలేదు' అనుకున్నాను. సిగ్గు లేకపోతే సరి.

హెడ్మాస్టరు భీమశంకరంగారు ఆయన్ని తన గదిలోకి తీసుకెళ్ళి టీ తెప్పించారు. మళ్ళీ బయటికి వచ్చి, నా దగ్గర గొంతు తగ్గించి చెప్పారు. "మేడమ్, పిల్ల తొందరలో సరిగ్గా చూసుండదు అనెయ్యండి. ఆయన్ని మెల్లిగా దారికి తెద్దాం. మన మార్కుల సంగతి మాత్రం ఎత్తకండి. మండలంలో ఫస్టున్నాం."

సరేనండీ అన్నాను. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో ఆ 'సరేనండీ' ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు.

కానీ పిల్ల చెంప చూశాక ఆ మాట అనడానికి వెళ్ళలేదు. ప్రసన్నను వరండాలోకి తీసుకెళ్ళి డబ్బా చేతికిచ్చాను.

"ఏవమ్మా, నాన్నకి ఎలా చూసి చెప్పావు?"

డబ్బాని అటూ ఇటూ తిప్పింది. తర్వాత గబగబా చెప్పేసింది.

"నాన్న మబ్బుగా ఉంది అన్నారండి. మబ్బంటే క్లౌడీ కదండి. క్లౌడీ ఎక్కడుందా అని వెతికానండి. దొరికిందండి. అదే లైన్లో అప్లై కూడా ఉందండి. అప్లై అంటే వెయ్యడం. అందుకని వెయ్యొచ్చని చెప్పానండి."

"దాని ముందున్న మాట?"

"అది తెలీదండి."

"తెలీకపోతే మరి?"

తలెత్తి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో భయం లేదు, నిజంగా అర్థం కాకపోవడం ఉంది.

"తెలీని మాటొస్తే వదిలేసి ముందుకెళ్ళమన్నారు కదండీ మీరు."

దొంగకి తేలు కుట్టినట్టయింది నాకు. అన్నాను. అనడమేమిటి, బోర్డు మీద రాసి, చుట్టూ గీత గీసి మరీ చెప్పాను. ప్రశ్నలో మాట పట్టుకో. పాసేజీలో ఆ మాట ఎక్కడుందో వెతుకు. ఆ లైను ఉన్నదున్నట్టు దించెయ్. తెలియని మాటొస్తే వదిలెయ్, టైం పోతుంది. తాడేపల్లిగూడెంలో మూడు రోజుల ట్రైనింగ్ పెట్టి దీన్నే పెద్ద విద్యలా నేర్పారు. సమోసాలు తింటూ అందరం నోట్సు రాసుకున్నాం. పిల్లలు లైను దించుతారు, మేము టిక్కు పెడతాం. వాళ్ళకి అర్థమైందా అని అడిగిన నాథుడు లేడు. మాట్లాడే పరీక్షకు కూడా పది మార్కులున్నాయి, వినండి. నలభై ఒక్క మందిలో ఒక్కడి గొంతు కూడా వినకుండా, దస్తూరీ బాగున్నవాడికి తొమ్మిది, బాగోలేనివాడికి ఏడు వేసి ఆన్‌లైన్‌లో ఎక్కించేశాను. ముప్ఫై నలుగురికి ఏ-వన్! కంచే చేను మేసింది, ఆ కంచె పేరు విక్టోరియా.

ఇదే ఊళ్ళలో మా అమ్మ యేసమ్మ మిషన్ బళ్ళో పాఠాలు చెప్పేది. ఒక్కొక్కణ్ణీ బల్ల దగ్గరికి పిలిచి చదివించి, "ఏం అర్థమయింది రా?" అనడిగి, అప్పుడు మార్కు వేసేది. నేనో? నాకు టైం లేదు. ఏలూరు బస్సుకి వేళ మించిపోతుంది కదా!

ప్రసన్న చెయ్యి పట్టుకుని తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాను. జోగారావు టీ ముట్టుకోలేదు.

"ఒక్క నిమిషం కూర్చోండి. మీ కళ్ళ ముందే పరీక్ష పెడతాను," అన్నాను.

గోడకున్న చిన్న బోర్డు మీద నోటికొచ్చిన కూతలు కూర్చి ఒక లైను రాశాను. 'ది టోమర్ గిబ్బుడ్ ది లోష్ ఇన్ ది పెరక్.' కింద ప్రశ్న రాశాను. 'వేర్ డిడ్ ది టోమర్ గిబ్ ది లోష్?' సుద్దముక్క పిల్లకిచ్చాను.

ప్రసన్న టోమర్‌ని పట్టుకుంది, లోష్‌ని పట్టుకుంది, పై లైను ఉన్నదున్నట్టు దించేసింది. ముత్యాల్లాంటి దస్తూరీ. చివర చుక్క కూడా పెట్టింది.

"కరెక్టేనాండీ?" అన్నాడు జోగారావు.

"కరెక్టేనండీ. పూర్తి మార్కులు వేస్తాం."

"అంటే ఏంటండి అది?"

"ఏమీ కాదండీ. ఆ మాటలు ఏ భాషలోనూ లేవు. ఇప్పుడే నేను కల్పించాను."

భీమశంకరంగారు "మేడమ్..." అని ఆగిపోయారు.

"మీ అమ్మాయి నిర్లక్ష్యంగా చూడలేదండీ. బళ్ళో ఎలా చెయ్యమన్నామో చెరువు దగ్గరా అచ్చం అలాగే చేసింది. అర్థం చేసుకోవడం మేము నేర్పలేదు. నేర్పకుండానే పదికి పది వేశాం," అన్నాను.

జోగారావు బోర్డు వంక చూశాడు, కూతురి చెంప వంక చూశాడు. ఆ మనిషి మొహం చూడలేకపోయాను.

"అయితే నా పిల్లని నేనెందుకు కొట్టానండీ?" అన్నాడు. మెల్లిగానే అన్నాడు. "మూడు రోజుల్నించి అన్నం కూడా తినకుండా కూర్చుంది. మేము నేర్పలేదు, మేమే వేశాం అంటున్నారు. ఆ 'మేము' అంటే ఎవరండీ?"

నేను నోరు తెరిచేలోపు భీమశంకరంగారు అందుకున్నారు. "సిస్టమ్ అలా ఉందండీ జోగారావుగారూ, రాష్ట్రమంతా ఇంతే, మనం చెయ్యగలిగిందేముంది..."

నేను నోరు మూసుకున్నాను. సిస్టమ్ అనే గొడుగు కిందికి నేనూ దూరిపోయాను. అంత రోషం చూపించినదాన్ని, 'నేనే' అనే ఆ ఒక్క మాట దగ్గర పిరికిదాన్నయ్యాను.

జోగారావు లేచాడు. "టీసీ ఓ వారం ఆపండి. దీనికి నిజంగా ఎంతొచ్చో అంత మార్కు వేసి ఆ కార్డు నాకివ్వండి. అప్పుడు చెబుతాను, పంపాలో మానాలో." డబ్బా మాత్రం అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు క్లాసులో ఆ డబ్బాతోనే మొదలుపెట్టాను. పిల్లల్ని ఇంట్లో ఉన్నవి తెమ్మన్నాను. మేత సంచులు, పురుగుమందు సీసాలు, నాయనమ్మల బీపీ మాత్రల అట్టలు. చంటి అనేవాడు గ్యాస్ స్టవ్ కాగితం తెచ్చాడు. ఒక్కొక్కణ్ణీ బల్ల దగ్గరికి పిలిచి, ఏదో ఒకటి చేతికిచ్చి అడిగాను. "ఇది ఏం చెయ్యమంటోంది? ఏం చెయ్యొద్దంటోంది? నీ మాటల్లో చెప్పు." దించడానికి లైను లేదు. నాలుగు రోజులు పట్టింది. రెండుసార్లు బస్సు తప్పిపోయి ఆటోలో ఇల్లు చేరాను. ముప్ఫై నాలుగు ఏ-వన్‌లు ఆరుకి దిగాయి. దస్తూరీ చూసి నేను ఏడు వేసిన బిందు, ఆ కోడిగీతల పిల్ల, మాత్రల అట్ట గడగడా చదివి, "మామ్మ దీన్ని అన్నం తినకముందు వేసుకుంటోందండి, తిన్నాక వేసుకోవాలండి" అంది. తొమ్మిది వేశాను. ఏడిస్తే బాగుండనిపించింది, కానీ ఏడవడానికి తీరిక లేదు.

ఆ మార్కులు చూసి భీమశంకరంగారు కుర్చీలోంచి లేచిపోయారు.

"ఇవి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారా? మీకు మతిపోయిందా మేడమ్? మెమో వస్తుంది!"

"రానివ్వండి. అది కూడా ఇంగ్లీషులోనే ఉంటుంది కదండీ? పిల్లల చేత చదివిస్తాను."

"నాకింకా రెండేళ్ళే ఉందండీ రిటైర్‌మెంటుకి..."

"వీళ్ళకి బతుకంతా ఉందండీ," అన్నాను, గట్టిగానే. పక్క గదిలో లెక్కల మాస్టారు పాఠం ఆపేశారు. ఆపితే ఆపారు. ఎక్కించేశాను.

ప్రసన్నకి నాలుగు వచ్చాయి. పదికి నాలుగు. కార్డు మీద అయిదు చేద్దామని చెయ్యి పీకింది. అయిదైతే తండ్రికి కాస్త ఆశ ఉంటుందేమో, నాలుగు చూస్తే షెడ్డుకి పంపేస్తాడేమో. పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో! చివరికి నాలుగే వేశాను. రిమార్కుల గడిలో మాత్రం ఒక లైను రాశాను. ఇంగ్లీషులో రాశాను. జోగారావుకి ఇంగ్లీషు రాదని తెలిసే రాశాను.

పై శనివారం కార్డు కోసం ఆయన రాలేదు. బడి వదిలాక పిల్లతో కలిసి నేనే చెరువు గట్టుకి వెళ్ళాను. నీళ్ళు సగం తోడేసి ఉన్నాయి. ఎంత సున్నం చల్లినా కుళ్ళు వాసన ఇంకా పోలేదు. గట్టు మీద జోగారావు దోనె బోర్లించి తారు పూస్తున్నాడు. చేతులు తుడుచుకుని కార్డు అందుకున్నాడు.

"నాలుగా అండీ?"

"నాలుగేనండీ."

ప్రసన్న నా వెనక నిలబడి అడిగింది. "నిజం నాలుగేనాండీ?"

"నిజం నాలుగే."

జోగారావు కార్డుని దగ్గరికీ దూరానికీ పెట్టి చూశాడు. రిమార్కుల గడి మీద తారు అంటిన వేలు పెట్టాడు. "ఇక్కడేదో రాశారు. పోయినసారి లేదిది."

"ఏం లేదండీ, మామూలుగా..." అన్నాను.

"మీరొద్దండి. ఇది చదువుద్ది." కార్డు కూతురి చేతికిచ్చాడు. "చదవ్వే. మెల్లిగా."

ప్రసన్న వేలు పెట్టి మొదలుపెట్టింది. "ది..." ఆగింది. పెదాలు కదుపుతోంది. వదిలేసి ముందుకెళ్ళిపోతే బాగుండునని, దేవుడి తోడు, ఒక్క క్షణం అనుకున్నాను. తర్వాత మాటలు దానికి వచ్చినవే. 'వాజ్ మైన్.' వాటిని పట్టుకుని ఏదో ఒకటి అల్లేసి చెప్పగలదు.

పిల్ల వేలు తియ్యలేదు.

"ఈ మాట నాకు తెలీదు నాన్నా," అంది. "తెలీకుండా ముందుకి చదవను."

జోగారావు నా వైపు తిరిగాడు. "చెప్పండి టీచర్‌గారూ. దానికి తెలీదంట."

'ది ఫాల్ట్ వాజ్ మైన్.' నాలుగే మాటలు. హెడ్మాస్టరు గదిలో తెలుగులో అనలేక ఇంగ్లీషులో దాచుకున్న మాటలు.

"తప్పు," అన్నాను. పిల్ల వైపు తిరిగి మళ్ళీ అన్నాను. "ఆ మాటకి అర్థం తప్పు, ప్రసన్నా."

పిల్ల తలూపి, వేలు ముందుకి జరిపింది. "తప్పు... వాజ్ అంటే జరిగిపోయింది... మైన్ అంటే నాది." తలెత్తింది. "తప్పు నాది. ఎవరిదండీ?"

"నాదమ్మా."

జోగారావు దోనె పక్కన కూర్చుని, కార్డుని మోకాలి మీద పెట్టుకుని, నాలుగు కింద తారు చేతులతోనే సంతకం చేశాడు.

"సోమవారం పంపిస్తాను," అన్నాడు. "మిగతా ఆరు మార్కులూ మీరే బాకీ అండీ."