రుమాలు కప్పిన శాక్సఫోన్

ఏకాంబరం తన నీడనే నమ్మడు. అలాంటి మనిషి ఇంటికి ముక్కూమొహం తెలియని పిల్ల వచ్చి, "తాతా, మీ శాక్సఫోన్ నా పాటలో ఉండాల" అంటే నమ్ముతాడా? అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి, ఆమె చెప్పుల దగ్గరనుంచి జడ దాకా ఎగాదిగా చూశాడు.

"ఎవురు పంపినారు నిన్ను?"

"ఎవురూ పంపలేదు తాతా. సుమ్మా నేనే వచ్చినాను."

ఊరికే ఎవరైనా తిరువళ్ళూరు నుంచి రైలెక్కి తిరుత్తణిలో నేతగాళ్ల వీధి వెతుక్కుంటూ వస్తారా? ఏకాంబరం అనుమానానికి అక్కడే మొలక వచ్చింది. పిల్ల పేరు నివేద. పగలు కారు సామాన్ల కంపెనీలో పని, మిగిలిన పొద్దంతా హిప్-హాప్. దరువు పెట్టుకుని దానిమీద సగం తెలుగు, సగం తమిళం మాటలు గడగడా దంచడం. దాంట్లో జాజ్ కలపాలని ఆమె కోరిక. జాజ్ వాయించినవాడు ఈ చుట్టుపక్కల మీరొక్కరే అంది. పొగడ్త వినగానే ఏకాంబరం ఇంకాస్త బిగుసుకున్నాడు.

ఆయన అనుమానానికి బ్యాండు బతుకూ ఒక కారణం. ఆడి కృత్తిక తిరునాళ్లకు కొండకింద నాలుగూళ్ల బ్యాండుసెట్లు పక్కపక్కనే నిలబడతాయి. పొద్దున ఒకడు వాయించిన మంచి ముక్క సాయంత్రానికి పక్కవాడి సొంతమైపోతుంది. అందుకని చెవికి అందే దూరంలో ఇంకో సెట్టు ఉంటే సొంత సరుకు బయటపెట్టకుండా అందరికీ తెలిసిన సినిమా పాటలే వాయించడం అక్కడి ఆనవాయితీ. ఏకాంబరం ఇంకో మెట్టు పైకి పోయాడు. వేళ్లు ఎక్కడ పడుతున్నాయో ఎవరికీ కనబడకుండా శాక్సఫోన్ మీద చేతిరుమాలు కప్పి వాయించేవాడు. కావడి మోసేవాళ్లు కూడా ఆ రుమాలు చూసి నవ్వుకునేవారు.

రెండో కారణం అంతకన్నా పాతది. వయసులో ఉండగా ఆయన మద్రాసులో ఒక హోటల్లో జాజ్ వాయించేవాడు. డ్రమ్ములు వాయించే మురళీధరన్ ప్రాణస్నేహితుడు. ఏకాంబరం సొంతంగా కట్టుకున్న ముక్క ఒకటుండేది. ఇంకా వేదిక ఎక్కనిది, హోటలు వెనక గదిలో ఇద్దరూ సాధన చేసింది. అది ఉన్నట్టుండి ఒక సినిమా పాటలో వినబడింది, వేరెవరి పేరు మీదో. పూర్తిగా తెలిసింది ఇద్దరికే. తను అమ్మలేదు. ఇంకెవరు? ఏకాంబరం అడగలేదు, పోట్లాడలేదు. పెట్టె సర్దుకుని తిరుత్తణికి వచ్చేశాడు. ముప్పై ఏళ్లు దాటినా మురళీధరన్ మొహం చూడలేదు.

ఇప్పుడు మూడో సంగతి ఒకటుంది. అది ఆయన భార్య సెల్లమ్మకూ, పళ్ల డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదని ఆయన ధీమా. పైవరస ముందుపళ్లు కదిలి చీము పట్టాయి. సోమవారం పీకేస్తానన్నాడు డాక్టరు. ఆ పళ్లు ఆనితేనే శాక్సఫోన్ పలుకుతుంది. పెట్టుడు పళ్లతో ఆ పలుకు వస్తుందని డెబ్బై ఏళ్ల వయసులో ఏకాంబరానికి ఆశ లేదు. ఈ పిల్లకు ఆ సంగతి తెలిస్తే ఇంకొకణ్ణి వెతుక్కుంటుందని భయం. ఆమె అంటే అనుమానం, ఆమె వెళ్లిపోతుందేమోనని భయం. రెండూ ఒకే గుండెలో కాపురం పెట్టాయి.

"సరే, రికార్డు పెట్టు," అన్నాడు చివరికి. పెట్టె తెరిచి, అలవాటు ప్రకారం రుమాలు కప్పి, పిల్లకు వీపు తిప్పి, ఊరందరికీ తెలిసిన ముక్కలు నాలుగు ఊదాడు.

నివేద ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపింది. "ఇవి కాదు తాతా. మీది ఇంకొకటి ఉండాదంట గదా."

"ఉండాదని ఎవురు చెప్పినారు?"

"ఎవురో అన్నార్లే," అని ఆమె తడబడి, గబగబా దరువు పెట్టి మాటలు మొదలుపెట్టింది.

"బస్సొచ్చె కంపెనీ బస్సొచ్చె, కోడి కూయకముందే బస్సొచ్చె, కళ్లు ఇంట్లోనే మరిచి నేను బస్సెక్కె..."

ఏకాంబరం నిలదీయబోయి ఆగిపోయాడు. దరువు ముందు పడుతోంది, ఆమె మాట వెంట్రుకవాసి వెనక పడుతోంది. తొందర లేదు, బద్ధకమూ కాదు. జాజ్‌లో ప్రాణమంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉంటుంది. నేర్పితే వచ్చేది కాదది, పక్కన కూర్చుని ఏళ్లతరబడి వింటే ఒంటికి పట్టేది. ఈ పిల్ల ఎవరి పక్కన కూర్చుంది?

అడగాల్సిన నోరు శాక్సఫోన్‌ను పట్టుకుంది. ఆమె మాటకూ మాటకూ మధ్య ఖాళీలోకి, ముప్పై ఏళ్లుగా రుమాలు కింద కూడా బయటికి రాని ముక్క దానంతటదే వచ్చేసింది. పళ్లు సలుపుతున్నాయి, చిగురు నుంచి నెత్తురు ఉప్పగా తగులుతోంది. అయినా ఆపలేదు. వంటింట్లోంచి సెల్లమ్మ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. వాయించడం అయ్యాక ఏకాంబరానికి అంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు.

ఆ సంతోషం మర్నాటి కాఫీ దాకా కూడా నిలవలేదు. 'ఉండాదంట' అంది. ఎవరన్నారు? ఆ తాళం ఎవరిది? మిషన్లో పడిన పలుకును తరిగి, ముక్కలు చేసి, ఎన్నిసార్లయినా తిప్పి వాడుకుంటారట. ఇక మనిషితో పనేముంది? శనివారం అదీ ఇదీ అనుకుంటూ తిరిగాడు. ఆదివారం సెల్లమ్మ వద్దంటున్నా వినకుండా రైలెక్కాడు. తిరువాలంగాడు స్టేషను దాటేసరికి తను మోసపోయానని తేల్చేసుకున్నాడు.

తిరువళ్ళూరులో నివేద గుర్తు చెప్పిపోయిన గది ఒక ఫోన్ల అంగడి మేడమీద. మెట్ల మీదే ఆయనకు తన శాక్సఫోన్ వినబడింది. దాని కింద ఇంకేదో ఉంది. సన్నటి తీగల బ్రష్షును డ్రమ్ము మీద గుండ్రంగా రాస్తున్న చప్పుడు, బియ్యం చెరుగుతున్నట్టు. ఏకాంబరం కాళ్లు అక్కడే ఆగిపోయాయి. లక్షమందిలో కూడా ఆ చెయ్యిని గుర్తుపడతాడు.

తలుపు తోసుకుని పోయాడు. "ఆ బ్రష్షు ఎవురిది?"

నివేద లేచి నిలబడింది. మొహం పాలిపోయింది. "మా తాతది. మురళీధరన్ తాత."

"దొంగముండాకొడుకు! అప్పుడు నా ముక్క అమ్ముకున్నాడు, ఇప్పుడు మనవరాల్ని పంపినాడా?"

"మా తాత పేరు చెప్తే మీరు వాకిలి కూడా తీయరని దాచినాను. తప్పే. కానీ మా తాత ఏమీ అమ్మలేదు. ఒకసారి పూర్తిగా ఇనండి తాతా, ఇనినంక మీరేం చెప్తే అది చేస్తా."

"తుడిచెయ్. నా కళ్లముందర."

"తాతా..."

"తుడిచెయ్ అంటా ఉండానే!"

ఆమె కళ్లనీళ్లు తుడుచుకుంటూ కంప్యూటర్లోది తీసేసింది, ఫోన్లోది తీసేసింది, ఇంకెక్కడో దాచినదాన్నీ చూపించి మరీ తీసేసింది. రేపు పళ్లు పోతాయని ఏకాంబరానికి తెలుసు. ఇక ఆ ముక్క లోకంలో ఎక్కడా ఉండదనీ తెలుసు. లేకపోతే పోయింది, మురళీధరన్ చేతిలో మాత్రం ఉండకూడదు. గెలిచినవాడిలాగే మెట్లు దిగాడు.

సోమవారం పళ్లు పీకేశారు. దూది కరుచుకుని ఇంట్లో కూర్చున్న ఏకాంబరం ముందు సెల్లమ్మ గంజి గిన్నె ఠపీమని పెట్టింది.

"మురళన్నకు నీ పళ్ల సంగతి చెప్పింది నేనే. కొండమీద కనబడినాడు. పక్షవాతమొచ్చి ఎడమపక్కంతా పడిపోయింది ఆ మనిషికి. నీ పలుకు పోకముందే రికార్డులో పట్టిపెట్టాలని ఆయనే పిల్లను తరిమినాడు."

ఏకాంబరం దూది తీసి ఏదో అనబోయాడు.

"నువ్వేం చెప్పొద్దు. హోటలు వెనక గదిలో మీరు వాయిస్తా ఉంటే వంటోళ్లూ, సర్వర్లూ, వచ్చే పొయ్యేటోళ్లూ అందురూ ఇనేటోళ్లే. నేను కేరేజీ తెచ్చినప్పుడల్లా చూసినాను. ఆ ముక్క ఈలేసుకుంటా గిన్నెలు తోమేటోళ్లు. తెలిసింది మీ ఇద్దురికేనా?"

తన వెనక కుట్ర జరిగిన మాట నిజమే. తన మీద ప్రేమతో జరిగింది. ఏకాంబరం గంజి గిన్నె పక్కకు జరిపాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ రాలేదు, సిగ్గు వచ్చింది.

పుండు మానాక శాక్సఫోన్ పెట్టె పట్టుకుని తిరువళ్ళూరు పోయాడు. గదిలో మురళీధరన్ కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉన్నాడు, మోకాళ్ల మధ్య డ్రమ్ము. ఒకరినొకరు చూసుకున్నారు. ముసలితనం ఇద్దరినీ సమానంగానే కొట్టింది.

"తప్పయిపొయింది మురళీ," అన్నాడు ఏకాంబరం. పళ్లు లేక మాట గాలిలా వచ్చింది.

మురళీధరన్ నోరు వంకరగా కదిలింది. "వాయించు," అన్నాడు, అతికష్టం మీద.

వాయించాడు. చిగుళ్లు ఆనలేదు, పెదవుల పక్కనుంచి గాలి పోయింది, వచ్చిన చప్పుడుకు తనే బెదిరిపోయాడు. మూడోసారికి శాక్సఫోన్ పక్కన పెట్టేశాడు. అప్పటికే బ్రష్షు డ్రమ్ము మీద తిరుగుతోంది. ఏకాంబరం తల వంచుకుని, ఆ ముక్కనే నోటితో అందుకున్నాడు. "దూబ దూ, దబదా..." పళ్లు లేని నోట్లో అక్షరాలు మెత్తగా జారాయి. నివేద ఒక నిమిషం విని, మధ్య ఖాళీల్లోకి తన కంపెనీ బస్సును తోలింది. వెంట్రుకవాసి వెనకగా ముగ్గురూ ఒకే చోట పడుతున్నారు.

ఉన్నట్టుండి ఏకాంబరం ఆపాడు. "పాపా, రికార్డు పెట్టినావా?"

"లేదు తాతా. మీరు వద్దన్నారు గదా."

"పెట్టు, బిరీన పెట్టు!"

మురళీధరన్ బ్రష్షు ఒళ్లో జారవిడిచాడు. ఎత్తబోయిన చెయ్యి మళ్లీ కిందికే వాలింది. "ఇంక కాదురా," అన్నాడు. "అయిపొయింది."

ఏకాంబరం తన కుర్చీని అతని దగ్గరికి జరుపుకున్నాడు. బ్రష్షు తీసి స్నేహితుడి వేళ్ల మధ్య పెట్టి, ఆ మణికట్టును తన అరచేతిలో ఎత్తి పట్టుకున్నాడు.

"బరువు నేను మోస్తా. నువ్వు తిప్పు."

నివేద మీట నొక్కింది. బ్రష్షు కదిలింది.